ప్రాజెక్టు నడిపేవారికి మాటా రాతా: తరచుగా అడిగే ప్రశ్నలు

సాఫ్ట్‌వేర్ కంపెనీలలో కొత్తగా టీమ్ లీడ్‌లుగా, ప్రాజెక్టు మేనేజర్లుగా బాధ్యత తీసుకున్నవారికి కొన్నేళ్లుగా శిక్షణ ఇస్తున్నాను. ఏ బ్యాచ్‌లో చూసినా అవే సందేహాలు, దాదాపు అవే మాటలలో వస్తున్నందున వాటిని ఒకచోట చేర్చాను. ఆఫీసు ఉదాహరణలన్నీ హైదరాబాదులో నేను చూసినవే. ప్రశ్నలను ప్రాజెక్టు దశల వారీగా అమర్చాను గనుక, మీకు అవసరమైన చోటి నుంచే చదువుకోవచ్చు.

## బాధ్యత తీసుకునే ముందు

కోడ్ బాగా రాస్తాననే నన్ను లీడ్‌ని చేశారు. ఇప్పుడు రోజంతా మాట్లాడటంతోనే సరిపోతోంది. ఇది కూడా పనేనా?

పనే. అయిదుగురున్న టీమ్‌లో ఇద్దరిద్దరి మధ్య మాట నడిచే దారులు 10 ఉంటాయి. పన్నెండుగురుంటే అవి 66 అవుతాయి. మనుషుల సంఖ్యను దానికంటే ఒకటి తక్కువ సంఖ్యతో గుణించి సగం చేస్తే ఈ లెక్క వస్తుంది. మనుషులు రెండింతలకు కాస్త ఎక్కువైతే దారులు ఆరింతలు దాటాయన్నమాట. వీటిలో ఎక్కడో ఒకచోట సమాచారం ఆగిపోతుంది, లేదా ఒకరు చెప్పినది ఇంకొకరికి మరో రకంగా చేరుతుంది. కోడ్ రాసే రోజులలో మీ పొరపాటు మీ ఫైలులోనే ఉండేది. ఇప్పుడు మీరు చెప్పడం మరచిన ఒక్క వాక్యం వల్ల ముగ్గురు మనుషులు వారం రోజులపాటు అక్కరలేని పని చేస్తూ కూర్చోవచ్చు.

నేను తెలుగు మీడియంలో చదివాను, ఇంగ్లీషు గడగడా రాదు. క్లయింట్లతో ప్రాజెక్టు నడపగలనా?

నడపగలరు. నా అనుభవంలో క్లయింట్లు భాష తడబడిందని ఫిర్యాదు చేసిన సందర్భాలు తక్కువ. అడిగినదానికి సూటిగా జవాబు రాలేదని ఫిర్యాదు చేసినవి చాలా ఎక్కువ. అనర్గళంగా పది నిమిషాలు మాట్లాడి తేదీ చెప్పని మేనేజర్ కంటే, నాలుగు పొట్టి వాక్యాలలో ఏది అయిందో, ఏది కాలేదో, ఎప్పటికి అవుతుందో చెప్పినవారిని వాళ్లు ఎక్కువగా నమ్ముతారు.

మూడు వాక్యాలను మాత్రం నోటికి వచ్చేదాకా సాధన చేయండి. మొదటిది, “మీరు చెప్పింది నాకు ఇలా అర్థమైంది, సరిగ్గానే ఉందా?” అనేది. రెండవది, “దీనికి ఇప్పుడే జవాబు తెలియదు, రేపు నాలుగు గంటలలోపు చెబుతాను” అనేది. మూడవది, “కాస్త నెమ్మదిగా మరోసారి చెప్పగలరా?” అనేది. ఈ మూడింటినీ వాడటానికి సిగ్గుపడేవారే ఎక్కువగా ఇబ్బందుల్లో పడతారు.

మన ఆఫీసు ఇంగ్లీషులోని కొన్ని మాటలు బయటి దేశాలవారికి అర్థం కావు. ‘ప్రీపోన్’ అంటే అమెరికాలో చాలామందికి తెలియదు. ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ అని మనం మామూలుగా సందేహం అడిగితే, తమ మాటను శంకిస్తున్నామని వాళ్లు అనుకునే ప్రమాదం ఉంది; ‘క్వశ్చన్’ అంటే ఏ గొడవా ఉండదు. ‘డు ద నీడ్‌ఫుల్’ అని రాసేచోట, ఆ చేయవలసిన పని ఏమిటో పేరుపెట్టి రాయండి.

పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్) సర్టిఫికెట్ తెచ్చుకుంటే కమ్యూనికేషన్ వచ్చేస్తుందా?

రాదు, కానీ వృథా కూడా కాదు. 1969లో అమెరికాలో ఏర్పడిన పీఎంఐ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్) సంస్థ ఈ పరీక్ష నిర్వహిస్తుంది. రాయడానికి ముందు 35 గంటల శిక్షణ తీసుకుని ఉండాలి. ఎవరికి, ఏ సమాచారం, ఎంత తరచుగా కావాలో ఒక పద్ధతిలో ఆలోచించడం అక్కడ అలవాటవుతుంది. కోపంగా ఉన్న క్లయింటుకు ఫోన్ చేయడం మాత్రం చేసి నేర్చుకోవలసిందే.

## ప్రాజెక్టు ఆరంభంలో

ఎవరికి ఏం చెప్పాలో ముందే ప్లాన్ రాసుకోవాలంటారు. అంత హంగామా అవసరమా?

చిన్న ప్రాజెక్టుకు అర పేజీ చాలు. ప్రతి వ్యక్తి పేరు పక్కన నాలుగు విషయాలు రాసుకోండి: ఆయనకు ఏం తెలియాలి, ఎన్నాళ్లకోసారి తెలియాలి, మెయిల్ చదువుతారా లేక ఫోన్ ఎత్తుతారా, ఏ నిర్ణయం ఆయన చేతిలో ఉంది. ఇందులో నాలుగవది చాలామంది వదిలేస్తారు. మూడు వారాలపాటు ఒకరితో చర్చించి, తీరా సంతకం మరొకరు పెట్టాలని తెలిసినప్పుడు గాని దాని విలువ తెలియదు. మొదటి వారంలోనే, “దీనికి చివరగా ఒప్పుకోవలసింది ఎవరండీ?” అని అడగడం మర్యాద తప్పడమేమీ కాదు.

మీటింగులో అందరూ ‘సరే’ అన్నారు. తర్వాత ఒక్కరూ చేయలేదు. ఎందుకిలా?

ఎందుకంటే మన ‘సరే’కు చాలా అర్థాలున్నాయి. ‘విన్నాను’, ‘నాకు ఒప్పుదలే’, ‘ఒప్పుదల లేదు గాని పదిమందిలో కాదనలేను’, ‘ముందు మీటింగ్ అయితే చాలు’ అనే నాలుగింటికీ ఒకే మాట వాడతాం. ‘చూద్దాంలెండి’ అనేది మన ఇళ్లలో చాలా సందర్భాలలో ‘కాదు’ అని చెప్పే మర్యాదైన పద్ధతి. ఆఫీసుకు వచ్చేసరికి దానినే మనం ‘అవును’ కింద రాసుకుంటున్నాం. పెద్దవారి ముందు, జీతం పెంచే మనిషి ముందు కాదనడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు లేదు. ఇది ఒక్క టీమ్ లోపమని నేను అనుకోను.

అందువల్ల ‘సరేనా?’ అనే ప్రశ్న అడగడమే మానేయండి. ‘దీనిలో మీరు ముందుగా ఏం చేస్తారు?’, ‘ఎక్కడ ఆగిపోవచ్చనిపిస్తోంది?’ అని అడగండి. వీటికి ‘సరే’ అని జవాబు చెప్పడం కుదరదు. జవాబు చెప్పలేక నీళ్లు నమిలితే, పని అర్థం కాలేదనో, ఇష్టం లేదనో అక్కడికక్కడే మీకు తెలిసిపోతుంది. మీటింగ్ ముగిసిన అరగంటలో మూడు వరుసల మెయిల్ పంపండి: పని, చేసేవారి పేరు, తేదీ. పేరు ఒక్కటే ఉండాలి. ‘టీమ్ చూసుకుంటుంది’ అని రాసిన పనిని ఎవరూ చూసుకోరు.

క్లయింట్ అమెరికాలో ఉన్నారు. తేదీలు, సమయాల దగ్గర ఎప్పుడూ గొడవే. ఏం చేయాలి?

ముందుగా నా సొంత పొరపాటు చెబుతాను. ఒక ఏప్రిల్‌లో డెమో తేదీని ‘05/06’ అని మెయిల్‌లో రాశాను. నా లెక్కలో అది జూన్ 5. అమెరికాలో నెల ముందు రాస్తారు గనుక క్లయింట్ దానిని మే 6 అని చదువుకుని, ఆ రోజు తన పైవారిని కూడా పిలిచి కూర్చోబెట్టారు. మా దగ్గర అప్పటికి చూపడానికి లాగిన్ పేజీ తప్ప మరేమీ లేదు. ఆనాటి నుంచి నెల పేరును అక్షరాలలో రాయకుండా ఏ తేదీనీ పంపలేదు.

సమయం సంగతి ఇంకొంచెం చిక్కు. వేసవిలో న్యూయార్క్ కంటే మనం తొమ్మిదిన్నర గంటలు ముందుంటాం, చలికాలంలో పదిన్నర గంటలు. అక్కడి గడియారాలు మార్చి రెండవ ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం ఒక గంట ముందుకో వెనక్కో మారతాయి; లండన్‌లో మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాలలో మారతాయి. అందువల్ల మూడు ఊళ్లవారూ కలిసే కాల్ ఏటా రెండుసార్లు చెదిరిపోతుంది. ఆ వారాలను క్యాలెండర్‌లో ముందే గుర్తుపెట్టుకోండి. ‘శుక్రవారం ఈఓడీ’ (ఎండ్ ఆఫ్ డే, అంటే ఆ రోజు పని ముగిసేలోపు) అని రాయవద్దు. వేసవిలో న్యూయార్క్ శుక్రవారం సాయంత్రం అయిదు అంటే మనకు శనివారం తెల్లవారుజామున రెండున్నర. అంకెలూ అంతే: 12,50,000 అని మన పద్ధతిలో కామాలు పెడితే వాళ్లు తికమకపడతారు, 1.25 మిలియన్ అని రాస్తే సరిపోతుంది.

ఇవన్నీ చిల్లర విషయాలని అనిపించవచ్చు. 1999 సెప్టెంబరు 23న నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌకను కుజుడి దగ్గర పోగొట్టుకుంది. కాంట్రాక్టు సంస్థ రాసిన ఒక సాఫ్ట్‌వేర్ అంకెలను పౌండ్ల కొలతలో ఇచ్చింది, దారి లెక్కించేవారు వాటిని న్యూటన్ల కొలత అనుకున్నారు. ఉభయులూ మంచి ఇంజనీర్లే. అంకె పక్కన కొలమానం ఏమిటని ఎవరూ గట్టిగా అడగలేదు, అంతే.

## పని నడుస్తున్నప్పుడు

స్టేటస్ మెయిల్ ఎలా రాయాలి? ఎంత వివరంగా రాసినా ఎవరూ చదవడం లేదు.

వివరం ఎక్కువైనందుకే చదవడం లేదేమో చూడండి. ఒక శిక్షణార్థి రాసిన మెయిల్‌కు తెలుగు ఇది: “పేమెంట్ మాడ్యూల్ పనులు చురుకుగా సాగుతున్నాయి. టీమ్ ఎంతో శ్రమిస్తోంది. బ్యాంకు వైపు నుంచి కొన్ని చిన్న సమస్యలు ఉన్నాయి, త్వరలోనే పరిష్కారమవుతాయని ఆశిస్తున్నాం.” దీనిని చదివిన క్లయింట్ హాయిగా నిద్రపోతాడు, శుక్రవారం నాడు ఉలిక్కిపడతాడు.

మేమిద్దరం కూర్చుని దానిని ఇలా మార్చాం: “పేమెంట్ మాడ్యూల్ 9వ తేదీ శుక్రవారం బదులు 14వ తేదీ బుధవారం అందుతుంది. బ్యాంకు మాకు టెస్ట్ ఖాతా ఇంకా తెరవలేదు. అది లేకుండా రిఫండ్ భాగాన్ని పరీక్షించలేం. మీ నుంచి కావలసింది ఒక్కటే: సోమవారం ఉదయం 11 గంటలలోపు (భారత కాలమానం) బ్యాంకు ప్రతినిధితో ఒక ఫోన్ కాల్. మిగతా పనులన్నీ అనుకున్న తేదీలకే ఉన్నాయి.”

మొదటి వాక్యంలోనే ఫలితం ఉంది, తర్వాత కారణం, ఆపైన కోరిక. ‘చిన్న’, ‘త్వరలో’, ‘కొన్ని’, ‘ఆశిస్తున్నాం’ అనే మాటలు ఒక్కటీ మిగలలేదు. పంపే ముందు మీ మెయిల్‌లో ఈ నాలుగింటినీ వెతకండి. దొరికిన ప్రతిచోటా ఒక అంకెనో తేదీనో పెట్టండి. పెట్టలేకపోతే మీకే ఆ సంగతి ఇంకా తెలియదన్నమాట. అప్పుడు తెలియదనే రాయండి.

వాట్సాప్‌లో చెప్పాలా, మెయిల్ పెట్టాలా, ఫోన్ చేయాలా?

నిర్ణయమైతే మెయిల్, గొడవైతే ఫోన్, ‘అయిదు నిమిషాలు ఆలస్యంగా వస్తున్నాను’ అనేదానికి వాట్సాప్. మెయిల్‌లో మూడోసారి జవాబు మీద జవాబు నడుస్తుంటే ఇక రాయడం ఆపి ఫోన్ చేయండి, మాట్లాడుకున్నది తర్వాత రెండు వరుసలలో మెయిల్ పెట్టండి. వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ బొమ్మల మధ్య ఒప్పుకున్న మార్పు నాలుగు నెలల తర్వాత ఎవరికీ దొరకదు.

రోజూ స్టాండప్ (నిలబడి జరుపుకునే చిన్న మీటింగ్) గంట సాగుతోంది. ఎలా తగ్గించాలి?

స్క్రమ్ అనే ప్రాజెక్టు నడిపే పద్ధతిలో దానికి కేటాయించింది 15 నిమిషాలు. గంట పడుతోందంటే అందరూ మీకు రిపోర్టు ఇస్తున్నారని, లేదా ఇద్దరి సమస్యను పదిమంది వింటున్నారని అర్థం. సమస్య చర్చగా మారగానే “ఇది మీరిద్దరూ తర్వాత మాట్లాడుకోండి, నేనూ వస్తాను” అని ఆపండి. వారం రోజులు మీరు మాట్లాడకుండా నిలబడి చూడండి. టీమ్ తమలో తాము మాట్లాడుకోవడం మొదలుపెడుతుంది.

‘అయిపోయిందన్నా’ అంటారు. వెళ్లి చూస్తే కాలేదు. అబద్ధం చెబుతున్నారా?

చాలా సందర్భాలలో కాదు. ఈ సంభాషణ మీరూ విని ఉంటారు:

“రిపోర్టు స్క్రీన్ ఎంతవరకు వచ్చింది?”

“అయిపోయిందన్నా.”

“అయితే ఈరోజు టెస్టింగ్‌కు ఇచ్చేద్దామా?”

“అంటే… కోడ్ అయిపోయిందన్నా. పెద్ద డేటాతో ఒక్కసారి చూడాలి. రివ్యూ కూడా ఉంది.”

ఆ అబ్బాయి దృష్టిలో రాయడం ముగిస్తే పని ముగిసినట్టే. మీ దృష్టిలో క్లయింట్ చేతికి వెళ్లినప్పుడే ముగిసినట్టు. ‘అయింది’ అంటే ఏమేమి అయినట్టో ప్రాజెక్టు మొదట్లోనే టీమ్‌తో కలిసి రాసుకుని అందరికీ కనబడేచోట పెట్టండి. శాతాలు అడగవద్దు, 90 శాతం దగ్గర ఆగిన పని మూడు వారాలు అక్కడే ఉండగలదు. ‘ఇంకా ఏమేమి మిగిలాయి?’ అని అడిగితే వచ్చే జాబితా దానికంటే నిజాయితీగా ఉంటుంది. ఇంకొక సంగతి: కాలేదని చెప్పిన రోజున మీరు మొహం మాడ్చుకుంటే, మర్నాటి నుంచి మీకు ‘అయిపోయింది’ తప్ప మరేమీ వినబడదు.

నాకంటే పదేళ్లు పెద్దవారు నా టీమ్‌లో ఉన్నారు. గడువు గుర్తుచేయాలంటే మొహమాటం. ఏమని అడగాలి?

‘గారు’ను, బహువచనాన్ని వదలవద్దు, తేదీని కూడా వదలవద్దు. “బుధవారానికి డిజైన్ ఇస్తానన్నారు కదండీ, ఆ తేదీనే మన అబ్బాయిలకు చెప్పమంటారా, మార్చమంటారా?” అని అడిగితే గౌరవం తగ్గలేదు, ప్రశ్నా తప్పిపోలేదు. పదిమందిలో అడగకుండా ఆయన సీటు దగ్గరకు వెళ్లి అడగండి. అనుభవం ఉన్నవారిని సలహా అడగడానికి కూడా అప్పుడప్పుడూ వెళ్లండి. గడువు కోసం మాత్రమే కనబడే మనిషిని ఎవరూ ఇష్టపడరు.

## ఇబ్బంది వచ్చినప్పుడు

గడువు తప్పుతుందని నాకు అర్థమైంది. క్లయింటుకు ఎప్పుడు చెప్పాలి?

అర్థమైన రోజునే, లేదా మర్నాడు. ‘ఇంకో వారం చూద్దాం, కుదిరితే కలిసొస్తుంది’ అనే ఆలోచన అందరికీ వస్తుంది. ఆ వారంలోనే క్లయింట్ తన ప్రకటనలు, తన శిక్షణ తరగతులు పాత తేదీకి ఖరారు చేసుకుంటాడు. అయితే చేతులు ఊపుకుంటూ వెళ్లవద్దు. పూట సమయం తీసుకుని, ఏ భాగం ఆలస్యమవుతోందో, ఏ భాగం పాత తేదీకే ఇవ్వగలరో, కొత్త తేదీకి మీరు ఏ ఆధారంతో వచ్చారో సిద్ధం చేసుకోండి. ముందు ఫోన్ చేయండి, గంటలోపు అదే విషయం మెయిల్ పెట్టండి. కొత్త తేదీ చెప్పేటప్పుడు ఆయనను సంతోషపెట్టాలని రెండు రోజులు తగ్గించకండి. క్లయింట్లు మొదటి ఆలస్యాన్ని సహిస్తారు. రెండవసారి మాట తప్పితే ఆ తర్వాత ఏ తేదీ చెప్పినా లెక్కచేయరు.

క్లయింట్ ‘చిన్న మార్పే’ అంటూ అదనపు పని అడుగుతూనే ఉన్నారు. కాదని చెబితే సంబంధం చెడుతుందేమో?

క్లయింటుకూ టీమ్‌కూ మధ్య అడకత్తెరలో పోకచెక్కలా నలిగే చోటు ఇదే. కాదనే మాట అవసరం లేకుండానే పని జరుగుతుంది: “తప్పకుండా చేయవచ్చు. దీనికి ఆరు రోజులు పడుతుంది. సెర్చ్ పనిని తర్వాతి విడుదలకు జరపమంటారా, లేక తేదీని మార్చమంటారా?” అని అడగండి. ఎంచుకునే బాధ్యత ఆయనదవుతుంది, మార్పు ఖరీదు కూడా కనబడుతుంది. ఎంత చిన్న మార్పైనా ఒక పట్టికలో తేదీతో సహా రాయండి, ఉచితంగా చేసినవీ రాయండి.

పొరపాటు మా టీమ్‌లో ఒకరిది. క్లయింట్ ‘ఎవరు చేశారు?’ అని అడుగుతున్నారు. పేరు చెప్పాలా?

చెప్పవద్దు. “బాధ్యత నాది, జరిగింది ఇది, మళ్లీ జరగకుండా చేసింది ఇది” అనండి.

మన నేల మీదే దీనికి ఒక ఉదాహరణ ఉంది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ తొలి ప్రయోగం విఫలమైంది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. విలేఖరుల ముందుకు మాత్రం ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధవన్ స్వయంగా వచ్చి, వైఫల్యాన్ని తన మీద వేసుకుని, తన టీమ్ మీద తనకు నమ్మకముందని చెప్పారు. 1980 జూలై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు, విలేఖరులతో మాట్లాడమని కలాంనే పంపారు. కలాం తన ప్రసంగాలలో పలుమార్లు చెప్పిన సంగతి ఇది.

బయట పేరు చెప్పకపోవడం అంటే లోపల మాట్లాడకపోవడమని అర్థం చేసుకోకండి. ఆ వ్యక్తితో ఒంటరిగా, అదే రోజు, జరిగిన పని గురించి మాత్రమే మాట్లాడండి.

## నేర్చుకునేటప్పుడు

పదిమంది ముందు నోరు పెగలదు. ఎక్కడ సాధన చేయాలి?

ఉద్యోగానికి నష్టం లేనిచోట. 1924లో కాలిఫోర్నియాలో మొదలైన టోస్ట్‌మాస్టర్స్ సంస్థకు హైదరాబాదులో కూడా క్లబ్బులు ఉన్నాయి. చాలా కంపెనీలు తమ క్యాంపస్‌లలోనే నడుపుతున్నాయి. అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద ఒకటి రెండు నిమిషాలు మాట్లాడించే భాగం అక్కడ ఉంటుంది. క్లయింట్ హఠాత్తుగా ప్రశ్న వేసినప్పుడు పనికొచ్చే సాధన అదే. మీరెన్నిసార్లు ‘ఆఁ’, ‘అంటే’ అన్నారో లెక్కపెట్టి చెప్పడానికి ఒక మనిషి కూడా ఉంటాడు. మొదటి రోజు ఆ అంకె విని నవ్వు వస్తుంది, కొంచెం ఏడుపూ వస్తుంది.

అక్కడికి వెళ్లడం కుదరకపోతే, మీ కాల్ రికార్డింగ్ ఒకటి తీసుకుని, అందులో మీరు మాట్లాడిన నిమిషాలనూ, క్లయింట్ మాట్లాడిన నిమిషాలనూ లెక్కపెట్టండి. చాలామంది రెండవ అంకె చూసి ఆశ్చర్యపోతారు.

మెయిల్స్‌ను ఏఐతో రాయించుకుంటే సరిపోదా?

వ్యాకరణానికి, మర్యాదకు వాడుకోండి. కంపెనీ నియమాలు ఒప్పుకుంటేనే వాడండి, క్లయింట్ వివరాలు మాత్రం అందులో అతికించవద్దు. అయితే తేదీ ఏమిటో, ఆలస్యానికి కారణం ఏమిటో దానికి తెలియదు. మీరు చెప్పకపోతే ఆ ఖాళీని నున్నటి మాటలతో పూడుస్తుంది. ‘త్వరలోనే’, ‘పూర్తి నిబద్ధతతో’ వంటివి మీ మెయిల్‌లో కొత్తగా కనబడితే అక్కడ ఆగి, ముందు మీ టీమ్‌ను అడిగి రండి. తెలుగులోనో, సగం తెలుగు సగం ఇంగ్లీషులోనో మూడు వాక్యాలలో అసలు విషయం మీరే రాసి, ఆ మూడింటినే ఇంగ్లీషులో పెట్టమని అడగండి. పంపే ముందు ఆ మూడూ అందులో ఉన్నాయో లేదో వేలు పెట్టి చూసుకోండి.